ఇండియా నుంచి వచ్చి ఇన్నాళ్ళయినా మా వారికి మోషన్స్ ఆగట్లేదు, టెస్టు చూస్తే నెగిటివ్. ఏం చేయాలి?

తెనాలి కోడలు (డాలస్):

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మాఘమాసంలో మా మరిది పెళ్ళికి తెనాలి వెళ్ళొచ్చాం. దిగిన మూడో రోజుకే నాకూ మా పాపకీ వాంతులు, నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. ఓఆర్‌ఎస్, మజ్జిగన్నంతో నెట్టుకొచ్చి, పెళ్ళికొడుకుని చేసే రోజుకల్లా ఇద్దరం లేచి తిరిగాం. మా వారికి మాత్రం అక్కడ ఉన్నన్నాళ్ళూ ఏమీ కాలేదు. బజ్జీల బండి, చెరుకు రసం, పెళ్ళి విస్తట్లో పెరుగు చట్నీ, దేన్నీ వదల్లేదు మనిషి. పైగా "ఇది తెనాలి నీళ్ళు తాగి పెరిగిన కడుపు" అని నన్ను ఏడిపించడం.

ఇక్కడికి వచ్చిన వారానికి ఆయనకి మొదలైంది. ఇప్పటికి మూడు వారాలు దాటింది. నీళ్ళలా కాదు, మెత్తగా, జిడ్డుగా, తేలుతూ ఉంటుందట. ఫ్లష్ రెండుసార్లు కొట్టాలి. వాసన భరించలేం. పొద్దున్నే నాలుగైదుసార్లు, తర్వాత ఏది తిన్నా వెంటనే. కడుపు డ్రమ్ములా ఉబ్బుతుంది, తేన్పులు వస్తే కుళ్ళిన గుడ్డు కంపు. జ్వరం లేదు, రక్తం లేదు. కానీ బెల్టుకి కొత్త బెజ్జం పెట్టించుకోవాల్సి వచ్చింది.

అర్జెంట్ కేర్‌లో వైరల్ అన్నారు. మా డాక్టర్ స్టూల్ కల్చర్, పారసైట్స్ పరీక్ష రాశారు, రెండూ నెగిటివ్. ఇప్పుడు ఐబీఎస్ (ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండానే పేగులు ఇబ్బంది పెట్టే జబ్బు) కావచ్చు, స్ట్రెస్ తగ్గించుకోండి అంటున్నారు. మా అత్తయ్యగారు రోజూ ఫోన్ చేసి "నీళ్ళు పడలేదు, వాము నమలమను" అంటారు.

మాకు రెండు రోజుల్లో తగ్గింది ఆయనకి ఎందుకు తగ్గట్లేదు? టెస్టులో ఏమీ లేదంటే నిజంగా ఏమీ లేనట్టేనా? గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి పోతే డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మనం కట్టాల్సింది) అంతా మా నెత్తినే. తెలిసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఫ్రిస్కో పిన్ని:

అమ్మాయ్, కంగారు పడకు. పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చినవాళ్ళందరికీ ఉండేదే. సగ్గుబియ్యం జావ, దానిమ్మ రసం, రాత్రిపూట పెరుగన్నం పెట్టు. నాలుగు రోజులు కారం, నూనె ఆపు. ఈ రోజుల్లో పెళ్ళిళ్ళలో తాగేవి టిన్ను నీళ్ళే కదా, నీళ్ళ దోషం అయ్యుండదు. ఆ పామాయిల్ వంటల వల్లే అని నా అనుమానం. మీ ఆయన్ని కాఫీ కూడా మానమను.

సిడ్నీ సాంబ:

తేలిగ్గా తీసుకోకండి అక్కా. అమ్మానాన్నలని తీసుకుని జూన్‌లో ముక్తినాథ్ వెళ్ళాను. ఖాట్మండూలో ఏదో పట్టుకుంది. హైదరాబాద్ వచ్చాక మోషన్స్ కంటే నీరసం ఎక్కువ. మెట్లెక్కితే కూర్చోవాలి, అన్నం చూస్తే వెలపరం. రెండుచోట్ల స్టూల్ టెస్ట్ చేశారు, నార్మల్ అన్నారు. మూడోచోట ఒక పెద్ద డాక్టర్ "ఈ కాలంలో నేపాల్ వెళ్ళారా" అని అడిగి, ల్యాబ్ వాళ్ళకి ప్రత్యేకంగా ఏదో రంగు వేసి చూడమని రాశారు. సైక్లోస్పోరా అనే పరాన్నజీవి అని తేలింది. సల్ఫా మాత్రలు వాడాక మనిషినయ్యాను. ఎక్కడికి వెళ్ళారో, ఎప్పుడు వెళ్ళారో డాక్టర్ అడక్కపోయినా మీరే చెప్పండి.

సూక్ష్మదర్శిని (ఒహాయో):

నేను డాక్టర్ని కాదు. గుంటూరులో చదువుకుని, ఇక్కడ ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో మైక్రోబయాలజీ బెంచి మీద పనిచేస్తాను. అంటే మీరు సీసాలో పెట్టి పంపేది చివరికి వచ్చేది నా దగ్గరికే. కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను.

మీ పోస్టులో నాకు అన్నిటికన్నా పనికొచ్చినవి తేదీలు. ఇవి రెండు వేరు వేరు జబ్బులు అనుకుని చూడండి, చాలావరకు చిక్కు విడిపోతుంది.

మీకూ పాపకీ వచ్చింది దిగిన మూడో రోజున, వాంతులతో సహా, ఉన్నట్టుండి. బాక్టీరియా, వైరస్‌లు కొన్ని గంటల నుంచి మూడు రోజుల్లోపే తమ ప్రతాపం చూపిస్తాయి. ప్రయాణికుల విరేచనాల్లో పదింట ఎనిమిది, తొమ్మిది బాక్టీరియా వల్లే. వాటిలో ప్రపంచం మొత్తం మీద పెద్ద వాటా విషం తయారుచేసే ఒక రకం ఈ.కోలైది, మా భాషలో ఈటెక్. షిగెల్లా, కాంపైలోబాక్టర్, సాల్మొనెల్లా ఆ తర్వాత. వాంతులు ఎక్కువగా ఉంటే నోరోవైరస్‌ని కూడా అనుమానించాలి. ఏదైనా ఇవి మందు లేకుండానే రెండు రోజుల నుంచి వారంలోపు సర్దుకుంటాయి. మీకు అలాగే సర్దుకుంది. ఆ దశలో టెస్టు కూడా అవసరం లేదు. రిపోర్టు వచ్చేసరికి మనిషి లేచి తిరుగుతుంటాడు.

మీ వారిది ఇంకో దారి. వచ్చిన వారానికి మొదలవడం, రెండు వారాలు దాటినా ఆగకపోవడం, జ్వరం లేకపోవడం, జిడ్డు, ఉబ్బరం, కుళ్ళిన గుడ్డు తేన్పులు, బరువు తగ్గడం. పద్నాలుగు రోజులు దాటిందంటే మేం బాక్టీరియాని పక్కన పెట్టి పరాన్నజీవుల వైపు చూస్తాం. అందులో మొదటి పేరు జియార్డియా. కడుపులోకి వెళ్ళాక లక్షణాలు రావడానికి దానికి వారం, రెండు వారాలు పడుతుంది. చిన్నపేగు గోడకి అతుక్కుని కొవ్వు ఒంటికి పట్టనివ్వదు. ఆ జిడ్డు, ఆ తేలడం అందుకే. అదే అని నేను తేల్చి చెప్పలేను, కానీ అది కాదని తేలేదాకా ఐబీఎస్ మాట ఎత్తకూడదు. పేగు ఇన్‌ఫెక్షన్ తగ్గాక కొంతమందికి ఐబీఎస్ మిగలడం నిజమే. అయితే వెతకాల్సినవన్నీ వెతికాకే ఆ పేరు పెట్టాలి.

తెనాలి కడుపు సంగతి. అక్కడుండేవాళ్ళకి చిన్నప్పటి నుంచి ఈ క్రిములు మళ్ళీ మళ్ళీ తగులుతూ కొంత రక్షణ ఉంటుంది. ఏళ్ళ తరబడి డాలస్‌లో ఉంటే అది అరిగిపోతుంది. టూరిస్టు అయితే సీసా నీళ్ళు తాగుతూ భయంభయంగా తింటాడు. మనం మాత్రం అత్తారింటికీ పుట్టింటికీ వెళ్ళినప్పుడు ఏ గ్లాసు ఇస్తే ఆ గ్లాసు ఎత్తుతాం. వద్దంటే బాగోదు కూడా.

పిన్నిగారూ, టిన్ను మీద నాకు అంత నమ్మకం లేదు. ప్లాంటులో నీళ్ళు బాగానే ఉండొచ్చు. ఆ టిన్ను ఎలా కడిగారు, నీళ్ళని డ్రమ్ములో పోసి మగ్గు ఎవరు ముంచారు, చెరుకు రసంలో వేసిన ఐస్ ఎక్కడిది, పెరుగు చట్నీలో ఉల్లిపాయలు, కొత్తిమీర దేంతో కడిగారు? జియార్డియా గుడ్డులాంటి గట్టి పెంకుతో ఉంటుంది, దాన్ని సిస్టు అంటాం. చల్లటి నీళ్ళలో వారాలూ నెలలూ బతుకుతుంది, కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్‌కి ఓ పట్టాన చావదు. పది సిస్టులు కడుపులోకి వెళ్ళినా చాలు. మరిగిస్తే మాత్రం చస్తుంది. నూనె వల్ల రెండు రోజులు కడుపు పాడవుతుందేమో గానీ మూడు వారాలు కాదు.

ఇక మీ నెగిటివ్ రిపోర్టు. మామూలు స్టూల్ కల్చర్ అంటే నమూనాని ప్లేటు మీద వేసి బాక్టీరియాని పెంచి చూడటం. అందులో మేం చూసేది సాల్మొనెల్లా, షిగెల్లా, కాంపైలోబాక్టర్, ఇంకా రక్త విరేచనాలు తెచ్చే రకం ఈ.కోలై. అంతే. ఇందాక చెప్పిన ఈటెక్ కూడా అందులో దొరకదు. పరాన్నజీవులైతే ఆ ప్లేటు మీద పెరగనే పెరగవు. పారసైట్స్ పరీక్ష అంటే ఒక చుక్కని స్లైడు మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద ఒక మూల నుంచి ఇంకో మూలకి ఓపిగ్గా జరుపుకుంటూ పోవడం. పచ్చటి నేపథ్యంలో పిండి రేణువులు, కూరగాయల పీచు, ఈస్టు, అన్నీ ఏదో ఒక క్రిమిలాగే కనిపిస్తాయి. వాటి మధ్య నాలుగు కేంద్రకాల కోడిగుడ్డు ఆకారం ఒకటి దొరికితే అదే జియార్డియా సిస్టు. అవి రోజూ రావు. ఇవాళ వందలు, రేపు ఒక్కటీ ఉండదు. అందుకే వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇమ్మంటాం. మీ వారు ఎన్ని ఇచ్చారు? సాంబ గారు చెప్పిన సైక్లోస్పోరా, దాని చుట్టం క్రిప్టోస్పోరిడియం అయితే ఈ రంగులో సరిగ్గా పట్టుబడవు, డాక్టర్ విడిగా రాయాలి. రాయకపోతే మేం చూడం, రిపోర్టులో "కనపడలేదు" అనే వస్తుంది.

ఇంకొక ప్రశ్న, దీనికి జవాబు ముఖ్యం. నమూనా ఇచ్చే ముందు ఆయన ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలు ఏవైనా వేసుకున్నారా?

తెనాలి కోడలు (డాలస్):

అమ్మో, మీకెలా తెలిసిందండి! అడిగితే ఇప్పుడు చెప్పారు. సూట్‌కేసులో ఉన్న ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ స్ట్రిప్పులోంచి రెండో మూడో వేసుకున్నారట. కొన్నాళ్ళు బాగా తేరుకున్నారు, అందుకే ఆపేశారట. మళ్ళీ మొదలైంది. ల్యాబ్‌కి ఇచ్చింది ఒక్క నమూనానే, అదీ ఆ మాత్రల తర్వాతే. డాక్టర్‌కి ఈ సంగతి చెప్పలేదు.

సూక్ష్మదర్శిని (ఒహాయో):

నాకు తెలియడానికి ఏముందండి. ఇండియా నుంచి వచ్చే ప్రతి సూట్‌కేసులో ఆవకాయ జాడీ పక్కన ఆ స్ట్రిప్పు ఉంటుంది.

ఆర్నిడజోల్ జియార్డియా మీద పనిచేసే మందే. రెండు మాత్రలు వేస్తే అది చావలేదు, తగ్గింది. అంటే సిస్టులు బయటికి రావడం తగ్గిన రోజుల్లో మీరు నమూనా ఇచ్చారు. మైక్రోస్కోప్‌కి అది చాలా అన్యాయం. యాంటీబయాటిక్ వాడితే కనీసం రెండు వారాలు ఆగి నమూనా ఇవ్వమనేది ఇందుకే. కడుపుమంటకి తాగే గులాబీ రంగు బిస్మత్ మందు, ఎక్స్‌రేకి తాగించే బేరియం కూడా స్లైడుని పాడుచేస్తాయి. మీ విషయంలో మాత్రలు వేసి తేరుకుని మళ్ళీ రావడం కూడా ఒక ఆధారమే. డాక్టర్‌కి ఇది తప్పకుండా చెప్పండి, మందు పేరుతో సహా.

గ్యాస్ట్రో దాకా వెళ్ళక్కర్లేదు. మీ డాక్టర్‌నే జియార్డియా యాంటిజెన్ టెస్టు రాయమనండి. మైక్రోస్కోప్‌లో చూసే కన్నుతో పనిలేదు, ఆ క్రిమి తాలూకు ప్రొటీన్ ఉందా లేదా అని చూస్తుంది, చవక. పీసీఆర్ ప్యానెల్ అని ఇంకొకటి ఉంది, ఒక్క నమూనాలో ఇరవై దాకా క్రిముల జాడ ఒకేసారి వెతుకుతుంది. మంచిదే, కానీ ఖరీదు. ఇన్సూరెన్స్ ఇస్తుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. దానితో ఇంకో తంటా ఉంది. అది క్రిమి జన్యువుని పట్టుకుంటుంది గానీ, ఆ క్రిమి బతికి ఉందో చచ్చిందో, జబ్బు తెచ్చింది అదేనో కాదో చెప్పదు. ఇండియా వెళ్ళొచ్చిన వాళ్ళ రిపోర్టులో ఒక్కోసారి మూడు నాలుగు పాజిటివ్‌లు వస్తాయి. అది చూసి ఇంట్లో వాళ్ళు హడలిపోతారు. అందులో అసలు దొంగ ఎవరో లక్షణాలు చూసి డాక్టరే తేల్చాలి.

నమూనా తీసుకోవడం ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి నేనే చెప్తాను, మొహమాటం లేకుండా. ల్యాబ్ వాళ్ళు టోపీలాంటి ప్లాస్టిక్ గిన్నె ఇస్తారు, దాన్ని సీటు కింద పెట్టాలి. కమోడ్ నీళ్ళు తగలకూడదు, మూత్రం కలవకూడదు. సీసా మూతకి చిన్న స్పూను ఉంటుంది. దాంతో మెత్తగా, జిగటగా ఉన్న చోట నుంచి తీసి, సీసా మీద గీత ఉంటే ఆ గీత వరకే నింపాలి. ఎక్కువిస్తే ఎక్కువ మంచిది అనుకుని మూతదాకా కుక్కే మహానుభావులున్నారు, లోపలి మందు సరిపోక నమూనా పాడవుతుంది. కొన్ని సీసాలు ఫ్రిజ్‌లో పెట్టాలి, కొన్ని పెట్టకూడదు. ఏది ఏదో ఇచ్చేటప్పుడే అడగండి.

మీకు వర్తించదు గానీ చదివేవాళ్ళ కోసం ఒక మాట. విరేచనాలతో పాటు జ్వరం గట్టిగా ఉంటే ఈ స్టూల్ టెస్టుల కోసం కూర్చోవద్దు, అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళండి. మలేరియా కూడా విరేచనాలతో మొదలవ్వొచ్చు. టైఫాయిడ్ అయితే బ్లడ్ కల్చర్ అడగండి. మన ఊళ్ళలో జ్వరం వచ్చిన ప్రతివాడికీ వైడాల్ అనే రక్తపరీక్ష చేసి "టైఫాయిడ్ పాజిటివ్" అని చేతిలో పెడతారు. ఎప్పుడో తగిలిన సాల్మొనెల్లాకీ, వేయించుకున్న టీకాకీ కూడా ఆ టెస్టు పాజిటివ్ రావచ్చు. అమీబియాసిస్ కథ కూడా ఇంతే. మైక్రోస్కోప్‌లో జబ్బు తెచ్చే అమీబా, ఏ హానీ చేయని అమీబా అచ్చు ఒకేలా ఉంటాయి. లోపల ఎర్ర రక్తకణాలు మింగి కనిపిస్తే తప్ప చూపుతో తేడా చెప్పలేం, యాంటిజెన్ గానీ పీసీఆర్ గానీ కావాలి. "నాకు ఎప్పటినుంచో అమీబియాసిస్ ఉంది" అని చెప్పుకునేవాళ్ళలో ఎంతమందికి నిజంగా ఉందో మరి.

మందుల షాపు మూర్తి (హైదరాబాద్):

ఆ స్ట్రిప్పు అమ్మేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి షాపు వైపు నుంచి రెండు మాటలు. ఎండాకాలం సెలవులకి వచ్చేవాళ్ళు చదవండి. రోజులో మూడుసార్లో అంతకన్నా ఎక్కువో నీళ్ళలా అయి, కడుపునొప్పో వికారమో ఉంటే దాన్ని ప్రయాణికుల విరేచనాలు అనొచ్చు. ఒకటి రెండుసార్లకే యాంటీబయాటిక్ అడక్కండి. మన దగ్గర ఓఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌లకి లొంగని క్రిములు బాగా ఎక్కువ. ఇక్కడికి వచ్చేవాళ్ళకి అక్కడి డాక్టర్లు ఇప్పుడు అజిత్రోమైసిన్ రాసిస్తోంది అందుకే. అది కూడా పని ఆగిపోయేంత ఇబ్బంది ఉంటేనే. ఊరికే యాంటీబయాటిక్ మింగి వెళ్తే, మందులకి లొంగని బాక్టీరియాని పేగులో పెట్టుకుని విమానం ఎక్కుతారు. విరేచనాలని ఆపి ఉంచే లోపెరమైడ్ విమాన ప్రయాణానికి పనికొస్తుంది. జ్వరం గానీ రక్తం గానీ ఉంటే వద్దు, చిన్నపిల్లలకి అసలే వద్దు.

ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టే కొనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు. డబ్బాల్లో తీయగా అమ్మే పానీయాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు, తాగితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మా ఊరి పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని ఆర్డర్ ఇచ్చింది. అయినా అలవాటుకొద్దీ "ఆ యాపిల్ ఓఆర్‌ఎస్ ఇవ్వు" అని అడుగుతూనే ఉన్నారు.

తెనాలి కోడలు (డాలస్):

అప్‌డేట్: జియార్డియా యాంటిజెన్ పాజిటివ్. డాక్టర్ మాత్రల సంగతి విని నవ్వి, టినిడజోల్ ఒకే డోసు రాశారు. వేసుకున్నాక ఆ తేన్పులు, వాసన పోయాయి. అందరికీ చాలా థ్యాంక్స్. కానీ పాలు, టీ తాగితే కడుపు ఇంకా ఉబ్బుతోంది. మందు పనిచేయలేదా? మళ్ళీ టెస్టు చేయించాలా? నాకూ పాపకీ కూడా చేయించాలా?

సూక్ష్మదర్శిని (ఒహాయో):

సంతోషం. పాల సంగతి చాలామందికి ఉండేదే. జియార్డియా పేగు గోడని దెబ్బతీసినప్పుడు పాలలోని చక్కెరని అరిగించే ఎంజైము తగ్గిపోతుంది. క్రిమి చచ్చినా అది తిరిగి తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా పాలు, ఐస్‌క్రీమ్, పాలకోవా ఆపి, మజ్జిగ, పెరుగు కొంచెం కొంచెంగా ఇచ్చి చూడండి. ఎక్కువమందికి అవి పడతాయి. ఇది ఒక్కటే మిగిలితే మందు పనిచేయలేదని కాదు.

మిగతా లక్షణాలు పోతే మళ్ళీ టెస్టు అక్కర్లేదు. జిడ్డు విరేచనాలు, తేన్పులు తిరిగొస్తే మాత్రం చేయించండి, అప్పుడు మందు మారుస్తారు. అది కూడా నెగిటివ్ వచ్చి బరువు తగ్గుతూనే ఉంటే సీలియాక్ కోసం రక్తపరీక్ష అడగండి. గోధుమ పడని ఆ జబ్బు ఒక్కోసారి ఇలాంటి ఇన్‌ఫెక్షన్ తర్వాత బయటపడుతుంది. మీకూ పాపకీ లక్షణాలు లేకపోతే టెస్టు వద్దు. పాప డేకేర్‌కి వెళ్తూ, మోషన్ తేడాగా ఉంటేనే అప్పుడు చేయించండి.

చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సానిటైజర్‌ని ఈ సిస్టు లెక్కచేయదు. మోషన్స్ పూర్తిగా ఆగి కొన్ని వారాలు గడిచేదాకా మీ అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో ఆయన్ని దిగనివ్వకండి. టినిడజోల్ వేసుకున్నాక మూడు రోజులు బీరు కూడా కుదరదు, అది డాక్టర్ చెప్పే ఉంటారు.